‘చాలు’ అనడం తెలియని యంత్రం
పాత కారులో డైనమో ఎందుకు వేడెక్కుతుంది?

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. అయితే పొగ కనిపించిన చోటనే నిప్పు ఉండి తీరాలన్న నియమం మాత్రం లేదు. పాతకాలపు కారులో డైనమో వేడెక్కి, వార్నిష్ కాలిన వాసన వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. డైనమోను విప్పి తీగలు తిరిగి చుట్టిస్తారు. లేదా దాని స్థానంలో మరొకదానిని బిగిస్తారు. కొంతకాలానికి అదీ కాలిపోతుంది. అప్పుడు నింద మెకానిక్ మీదికో, విడిభాగం నాణ్యత మీదికో పోతుంది. నిజానికి అనేక సందర్భాలలో డైనమో దోషి కాదు. మరెవరో చేసిన తప్పుకు శిక్ష అనుభవిస్తున్న అమాయకురాలు. అసలు దోషిని పట్టుకోవడానికి కావలసినది కొత్త విడిభాగం కాదు, ఒక వోల్టు మీటరు, కొంత ఓపిక, సరియైన క్రమంలో వేసుకొన్న నాలుగైదు ప్రశ్నలు.

కువైట్‌కు, పాత కార్లకు ఉన్న అనుబంధం చిన్నది కాదు. 1938లో బుర్గాన్ ప్రాంతంలో చమురు బయటపడింది. 1946లో మొదటి చమురు ఓడ ఇక్కడి తీరం విడిచింది. ఆ తరువాతి దశాబ్దాలలో అమెరికా, బ్రిటన్ దేశాల కార్లు ఈ ఎడారి నేలపై విరివిగా తిరిగాయి. అటువంటి వాహనాలను భద్రపరచడానికి షువైఖ్‌లో ప్రత్యేకంగా ఒక ప్రదర్శనశాల కూడ ఏర్పడింది. తెలుగువారికీ ఈ ముచ్చట కొత్త కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం ప్రభువుల 1912 నాటి రోల్స్ రాయిస్‌ను చూడని పర్యాటకులు అరుదు. ఇక 1950ల చివరి నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు సంగతి చెప్పనే అక్కరలేదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు భారతీయ రూపమైన ఆ కారు బానెట్టు ఎత్తి, తండ్రి ప్రక్కన నిలబడి టార్చిలైటు పట్టుకొన్న బాల్యం ఈనాడు కువైట్‌లో ఉంటున్న ఎందరికో జ్ఞాపకమే. ఆ తొలి అంబాసిడర్ల బానెట్టు క్రింద, ఇంజను ప్రక్కన, బెల్టుతో తిరుగుతూ కనిపించిన నల్లని ఇనుప స్తంభమే డైనమో.

డైనమో అనగా నేమి?

అయస్కాంత క్షేత్రంలో తీగను కదిలిస్తే అందులో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. డైనమో ఆ సూత్రానికి ఆచరణ రూపం. ఇనుప గొట్టం వంటి దేహం లోపలి గోడలకు రెండు తీగచుట్టలు ఉంటాయి. వీటిని ఫీల్డు కాయిల్స్ అంటారు. అయస్కాంత క్షేత్రాన్ని సృష్టించడం వీటి పని. వాటి నడుమ తిరిగేది ఆర్మేచర్. కారుకు కావలసిన విద్యుత్తు అంతా పుట్టేది ఈ తిరిగే భాగంలోనే. ఆర్మేచర్ చివర రాగి పలకలతో కూర్చిన కమ్యుటేటర్ ఉంటుంది. దానిని రాసుకొంటూ రెండు కార్బన్ బ్రష్‌లు ఆ విద్యుత్తును వెలుపలికి తెస్తాయి.

డైనమోకు దూరంగా, బానెట్టు లోపలి గోడకు బిగించిన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఇద్దరు కాపలాదారులు. మొదటిది రెగ్యులేటర్: వోల్టేజి హద్దు మీరకుండ ఫీల్డు విద్యుత్తును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. రెండవది కటౌట్: ఇంజను ఆగినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు, అనగా డైనమోలోకి, ప్రవహించకుండ తలుపు మూస్తుంది.

1960లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ తన వాలియంట్ కారుతో ఆల్టర్నేటర్‌ను ప్రవేశపెట్టిన తరువాత డైనమోల యుగం క్రమంగా ముగిసింది. ఈ రెంటి మధ్య ఒక మౌలిక భేదమున్నది. ఆల్టర్నేటర్‌లో ప్రధాన విద్యుత్తు పుట్టే తీగచుట్టలు కదలకుండ వెలుపలి అంచున ఉంటాయి గనుక వాటి వేడి సులభంగా గాలిలో కలుస్తుంది. అంతేకాదు, ఒక హద్దు దాటి విద్యుత్తు ఇవ్వకుండ దాని స్వభావమే దానిని అడ్డుకొంటుంది. డైనమోకు ఆ సహజ సంయమనం లేదు. అడిగినంతా ఇస్తూనే పోతుంది. ఇస్తూ ఇస్తూ తాను కాలిపోతుంది. ‘చాలు’ అనే మాట దానికి తెలియదు. ఆ మాట దాని తరఫున మరొకరు చెప్పాలి. ఈ ఒక్క సత్యం గుర్తుంటే సగం రోగనిర్ణయం పూర్తయినట్లే.

ఎడారిలో వేడి లెక్క

తీగలో ప్రవహించే విద్యుత్తు రెట్టింపైతే అందులో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 1840 దశకపు తొలినాళ్ళలో జేమ్స్ జౌల్ కనుగొన్న నియమమిది. పుట్టిన వేడి బయటికి పోవడం మాత్రం డైనమోకు, దాని చుట్టూ ఉన్న గాలికి మధ్యనున్న ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. కువైట్‌లో చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ దేశంలోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న నమోదైన 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది.

ఒక సులభమైన లెక్క చూడవచ్చు. పాతకాలపు నూలు, కాగితం, వార్నిష్ పూతల తీగచుట్టలు సుమారు 105 డిగ్రీల వరకు తట్టుకొంటాయి. బయట 30 డిగ్రీలున్న ఊరిలో బానెట్టు క్రింది గాలి 60 డిగ్రీలుంటుందని అనుకొంటే, వేడి బయటికి పోవడానికి 45 డిగ్రీల వాలు ఉన్నది. అదే కారు 50 డిగ్రీల ఎండలో ఉంటే బానెట్టు క్రింది గాలి 80 డిగ్రీలకు చేరుతుంది. మిగిలిన వాలు 25 డిగ్రీలు మాత్రమే. అనగా అదే డైనమో సగానికి కొంచెమే ఎక్కువగా వేడిని భరించగలదు. వేడి విద్యుత్తు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 22 ఆంపియర్లకు తయారైన డైనమో ఇక్కడి వేసవిలో దాదాపు 16 ఆంపియర్లకే అలసిపోతుందన్నమాట. యంత్రం పాడైపోలేదు, దాని శక్తి ఎడారిలో కుదించుకొనిపోయింది.

రసాయన శాస్త్రం మరొక హెచ్చరిక చేస్తుంది. తీగలపై పూత సేంద్రియ పదార్థం. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు లోనై దాని అణువుల పొడవాటి గొలుసులు నెమ్మదిగా తెగిపోతాయి. ఈ చర్య వేగం ఉష్ణోగ్రతతో పాటు సమంగా పెరగదు, దూకుతూ పెరుగుతుంది. పది డిగ్రీలు అధికమైతే పూత ఆయుర్దాయం సుమారు సగమవుతుందన్నది ఇంజనీర్లు అనుభవంతో నిర్ధారించిన సూత్రం. ఇరవై డిగ్రీలు పెరిగితే నాలుగవ వంతు. పూత పెళుసై ఒకచోట రాలితే ప్రక్క ప్రక్క చుట్లు తాకి, ఆ చోట వేడి ఇంకా పెరుగుతుంది. రోగం రోగాన్ని పెంచుతుంది.

మొదట ప్రశ్నలు, తరువాత పానాలు

ఒక జాగ్రత్త ముందే చెప్పుకోవాలి. నిండు భారంతో పనిచేస్తున్న డైనమోపై చేయి పెట్టలేకపోవడం సహజమే. మనిషి చేయి 55, 60 డిగ్రీలకే వెనుకకు వస్తుంది. కాబట్టి చేతి స్పర్శను నమ్మి తీర్పు చెప్పరాదు. దూరం నుండి ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఈ పనికి మంచి సాధనం. వార్నిష్ మాడిన వాసన, పొగ, డైనమో లోపలి గోడపై చిమ్మినట్లున్న సీసపు చుక్కలు మాత్రం నిజమైన ప్రమాద సూచనలు. కమ్యుటేటర్‌కు తీగలను అతికించే సాధారణ టంకం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అది కరిగి చిమ్మిందంటే డైనమో ఎంత బాధపడిందో ఊహించవచ్చు.

మొదటి ప్రశ్న: వేడి ఎప్పుడు పుడుతున్నది? ఇంజను ఆపి గంటలు గడిచిన తరువాత కూడ డైనమో వేడిగా ఉంటే దోషి కటౌట్. దాని స్పర్శబిందువులు అతుక్కొనిపోతే బ్యాటరీ విద్యుత్తు కదలని డైనమోలోకి పారుతూనే ఉంటుంది. ఈ లోపం అన్నింటికంటె అపాయకరమైనది. చాలా పాత కార్లలో ఈ ప్రధాన తీగకు ఫ్యూజు ఉండదు. భవనం క్రింద, పదిమంది కార్ల మధ్య నిలిపిన వాహనంలో రాత్రివేళ ఇది జరిగితే నష్టం ఆ కారుతో ఆగదు. వెంటనే బ్యాటరీ తీగ విప్పడమే మొదటి చికిత్స. పాత కారును నిలిపిన ప్రతిసారీ బ్యాటరీని వేరుచేసే స్విచ్చిని అమర్చుకోవడం తెలివైన పని.

రెండవ ప్రశ్న: వేడి ఎక్కడ ఉన్నది? కప్పీ వైపు చివర మాత్రమే మండుతుంటే, బెల్టు అతిగా బిగిసి బేరింగును నలుపుతున్నదని అర్థం. బొటనవ్రేలితో నొక్కితే బెల్టు సుమారు అర అంగుళం లొంగాలి. వెనుక చివర వేడిగా ఉంటే అక్కడి బుష్‌లో నూనె ఎండిపోయి ఉండవచ్చు, లేదా బ్రష్‌లు అరిగి నిప్పురవ్వలు రాలుతుండవచ్చు. బెల్టు తీసి చేతితో త్రిప్పి చూస్తే గరగర, బిగువు తెలిసిపోతాయి. కువైట్ దుమ్ము ఇక్కడ ఒక శత్రువు. గాలిలో ఎగిరి వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ రాగి కంటె ఎంతో కఠినమైనది. అది బేరింగును, కమ్యుటేటర్‌ను అరగదీస్తుంది. నూనెతో కలిసి ముద్దయి, గాలి పోవలసిన రంధ్రాలను పూడ్చివేస్తుంది. నడిమి దేహమంతా సమానంగా కాలుతుంటే మాత్రం సంగతి వేరు. డైనమో మితిమీరిన విద్యుత్తును ఇస్తున్నదన్నమాట. అప్పుడు మూడవ ప్రశ్నకు పోవాలి.

మూడవ ప్రశ్న: ఎంత ఇస్తున్నది, ఎవరు అడుగుతున్నారు? ఇక్కడికి వచ్చేసరికి చాలా పాత కార్ల రహస్యం బయటపడుతుంది.

పంకా తెచ్చిన తంటా

1960 ప్రాంతపు బ్రిటిష్ కారొకటి కువైట్‌లో ఉన్నదని ఊహించవచ్చు. దాని 12 వోల్టుల డైనమో సామర్థ్యం 22 ఆంపియర్లు. కారు తయారైన నాడు పెద్ద దీపాలు, ఇగ్నిషన్, వెనుక దీపాలు, వైపరు మినహా దానికి వేరే భారం లేదు. ఎడారి ఎండకు రేడియేటరు మరుగుతున్నదని యజమాని దాని ముందు ఒక విద్యుత్ పంకా బిగించాడు. వెలుతురు చాలడం లేదని హాలోజన్ దీపాలు అమర్చాడు. ఇప్పుడు లెక్క చూస్తే: రెండు 60 వాట్ల హాలోజన్ దీపాలకు 10 ఆంపియర్లు, పంకాకు మరొక 10, ఇగ్నిషన్‌కు 4, వెనుక దీపాలకు, డ్యాష్‌బోర్డుకు 2. మొత్తం 26. బ్యాటరీకి కావలసిన చార్జింగు దీనికి అదనం. ఎడారి వేసవిలో 16 ఆంపియర్లకే అలసిపోయే యంత్రం మీద 26 ఆంపియర్ల భారం పడింది. జౌల్ నియమం ప్రకారం, పుట్టే వేడి అది భరించగల దానికి రెండున్నర రెట్లు దాటుతుంది.

విచిత్రమేమంటే, ఈ కారు సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి నడుస్తున్నప్పుడు డైనమో చల్లగానే ఉంటుంది! ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు శూన్యం. సరిగ్గా అప్పుడే పంకా గిరగిర తిరుగుతూ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. కారు విశాలమైన రహదారి ఎక్కి వేగం పుంజుకొన్న తరువాత ఆకలితో ఉన్న బ్యాటరీ, దీపాలు, పంకా అన్నీ ఒక్కసారి చేతులు చాస్తాయి. డైనమో కాలేది అప్పుడు. అప్పు చేసినది ఒకచోట, తీర్చవలసి వచ్చినది మరొకచోట. యజమాని మాత్రం, “రద్దీలో బాగానే ఉన్నది, తెరపి రోడ్డు మీదనే చెడింది, కనుక డైనమోలోనే లోపం” అని తీర్మానిస్తాడు.

దీనికి తోడు మరొక సూక్ష్మం. ఆనాటి బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కనిపించే రెండు చుట్టల రెగ్యులేటర్ పెట్టెపై ‘ఏ’, ‘ఏ1’ అని రెండు బిగింపులుంటాయి. మొదటిది బ్యాటరీకి, రెండవది దీపాల వంటి భారాలకు. ‘ఏ1’ గుండా పోయే విద్యుత్తు రెగ్యులేటర్‌లోని అదనపు చుట్లను దాటుతుంది. ఆ విధంగా భారం పెరుగుతున్నదన్న వార్త దానికి అంది, వోల్టేజిని తగ్గించి డైనమోను కాపాడుతుంది. కొత్త పంకా తీగను తిన్నగా బ్యాటరీకి తగిలిస్తే, ఆ వార్త సగమే అందుతుంది. ‘చాలు’ అని చెప్పవలసిన కాపలాదారు చెవులు మూసినట్లవుతుంది. తీగను సరియైన చోటికి మార్చడం అయిదు నిమిషాల పని. తెలియకపోతే అది రెండు మూడు డైనమోల ఖరీదు.

నాల్గవ ప్రశ్న: వోల్టేజి ఎంత? భారం మామూలుగానే ఉన్నా డైనమో కాలుతుంటే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. దాని స్పర్శబిందువులు అతుక్కొనిపోయినా, పెట్టెకు కారు దేహంతో ఉండవలసిన ఎర్త్ వదులైనా, ఫీల్డు విద్యుత్తుకు పగ్గాలుండవు. పెట్టె క్రింద పట్టిన తుప్పును గీకి, మరను బిగించగానే నయమైన డైనమోలున్నాయి. దీపాలు మందంగా ఉన్నాయని కొందరు రెగ్యులేటర్ మరను త్రిప్పి వోల్టేజి పెంచుతారు. అది కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం.

ఐదవ ప్రశ్న: బ్యాటరీ ఆరోగ్యమేమిటి? 12 వోల్టుల సీసపు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక గదిలోని పలకలు రాలిన మడ్డి వల్ల కలిసిపోతే ఆ బ్యాటరీ పది వోల్టుల బ్యాటరీగా మిగులుతుంది. డైనమో దానిని ఎంత నింపినా నిండదు. చిల్లి కుండకు నీరు పోసినట్లే. వేడి కూడ బ్యాటరీ ఆకలిని పెంచుతుంది. ప్రతి డిగ్రీకి ఒక్కొక్క గదికి సుమారు 4 మిల్లీవోల్టుల చొప్పున చార్జింగు వోల్టేజిని తగ్గించాలని నియమం. 25 డిగ్రీల వద్ద సరిపోయిన వోల్టేజి, బ్యాటరీ 55 డిగ్రీలున్నప్పుడు దాదాపు 0.7 వోల్టు ఎక్కువవుతుంది. ఆ ఎక్కువ అంతా నీటిని విడగొట్టి హైడ్రోజన్‌గా మార్చడానికి, డైనమోను కాల్చడానికి ఖర్చవుతుంది. హైడ్రోజన్ మండే వాయువు. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. గదులను ఒక్కొక్కటిగా హైడ్రోమీటరుతో పరీక్షిస్తే చెడినది ఏదో తెలిసిపోతుంది.

ఈ ఐదు ప్రశ్నలకూ సమాధానం దొరకనప్పుడే డైనమోను విప్పాలి. ఆ కాలపు లూకాస్ డైనమోలలో ఫీల్డు చుట్టల నిరోధం సుమారు 6 ఓములు. అంతకు చాలా తక్కువగా ఉంటే చుట్లు లోపల తాకుకొన్నాయని అర్థం. కమ్యుటేటర్‌పై ఏవో రెండు పలకలు మాత్రమే నల్లగా కాలి ఉంటే ఆర్మేచర్‌లో ఆ చుట్ట చెడినది. అటువంటప్పుడు తిరిగి చుట్టించక తప్పదు. అయినా పాత నూలు వార్నిష్‌కు బదులు 155 డిగ్రీలు తట్టుకొనే నేటి పూత గల తీగ వాడమని కోరడం మంచిది.

ఇంకా పాత అమెరికన్ కార్లలో రెగ్యులేటర్‌కు బదులు మూడవ బ్రష్ ఒకటి ఉంటుంది. దానిని జరిపి విద్యుత్తును నిర్ణయిస్తారు. ఈ రకం డైనమోకు బ్యాటరీయే పగ్గం. బ్యాటరీ విప్పి ఇంజను నడిపితే వోల్టేజి మితిమీరి చుట్టలు కాలిపోతాయి. ఈ కార్ల విషయంలో “బ్యాటరీ లేకుండ ఒకసారి నడిపి చూద్దాం” అన్న ప్రయోగం కూడదు.

భారం దించడమే మందు

ఇక నివారణ. తక్కువ విద్యుత్తుతో వెలిగే ఎల్‌ఈడీ దీపాలు భారాన్ని సగానికి పైగా తగ్గిస్తాయి. ఆనాటి బ్రిటిష్ కార్లలో అనేకం ధన ధ్రువాన్ని దేహానికి కలిపినవి కాబట్టి అందుకు తగిన దీపాలనే ఎంచుకోవాలి. పంకాను ఎప్పుడూ తిరగనీయక, నీరు వేడెక్కినప్పుడు మాత్రమే తిరిగేలా థర్మోస్టాట్ స్విచ్చిని పెట్టాలి. అంతకంటె ముందు రేడియేటరును లోపలా బయటా శుభ్రం చేయిస్తే పంకా అవసరమే తీరిపోవచ్చు. దుమ్ముగాలి వీచిన తరువాత డైనమో రంధ్రాలను తుడిపించాలి; వెనుక బుష్‌కు అప్పుడప్పుడు రెండు మూడు చుక్కల నూనె వేయాలి. ప్రతిరోజూ నడిపే కారైతే డైనమో ఆకారంలోనే తయారైన ఆల్టర్నేటర్లు కూడ లభిస్తున్నాయి. ప్రదర్శనకు ఉంచే కారులో మాత్రం అసలైన డైనమో ఉండడమే అందం.

ఈ కథ కారుతోనే ముగియదు. 2024 జూన్‌లో కువైట్‌లో వేసవి తాకిడికి విద్యుత్ గిరాకీ మితిమీరినప్పుడు కొన్ని ప్రాంతాలలో గంటా రెండు గంటల పాటు సరఫరా నిలిపివేయవలసి వచ్చింది. అక్కడా సమస్య రూపం ఇటువంటిదే. ఎండ పెరిగిన వేళనే ప్రతి ఇంటా ఎయిర్ కండిషనర్ల ఆకలి పెరుగుతుంది. సరిగ్గా ఆ వేళనే తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు వేడిని వదిలించుకొనే శక్తి తగ్గుతుంది. జౌల్ నియమానికి పాత కారని, దేశమంతటి విద్యుత్ వ్యవస్థ అని తేడా లేదు.

శుక్రవారం ఉదయం ఎండ ముదరక ముందు పాత కారు బానెట్టు ఎత్తినప్పుడు పిల్లలను ప్రక్కన నిలుపుకోవడం మంచిది. ఒకనాడు టార్చిలైటు పట్టుకొన్న చేతులు ఈనాడు వారి చేతికి వోల్టు మీటరు ఇవ్వవచ్చు. “ఏది మార్చాలి?” అని కాక, “ఎప్పుడు వేడెక్కింది, ఎక్కడ వేడెక్కింది, ఎవరు ఎంత అడుగుతున్నారు?” అని వరుసగా అడగడం వారికి అలవాటైతే, కారు బాగుపడడమే కాదు, విజ్ఞానశాస్త్రంలో మొదటి పాఠం పూర్తయినట్లే. కాలిన వస్తువును మార్చడం ఎవరైనా చేయగలరు. అది ఎందుకు కాలిందో తెలుసుకొన్నవారికే రెండవసారి మార్చే అవసరం రాదు.